రిసీవర్‌ను వెతుక్కోవాలా, తయారుచేసుకోవాలా? కాలేజీ ఫుట్‌బాల్‌లో తెగని చర్చ

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లను చాలాకాలంగా విడగొడుతున్న ప్రశ్న ఒకటుంది. పాస్‌లు అందుకునే రిసీవర్‌ను హైస్కూల్ మైదానాల్లో వెతికి పట్టుకోవాలా, లేక దొరికిన కుర్రాణ్ని రెండు మూడేళ్లు సానబట్టి తయారుచేసుకోవాలా? ఒకప్పుడు దీనికి జవాబు కాలేజీ స్తోమతను బట్టి తేలిపోయేది. పేరున్న యూనివర్సిటీ వెతుక్కునేది, లేనిది తయారుచేసుకునేది. 2018లో కాలేజీ మారదలచినవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్, 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే హక్కు వచ్చాక ఆ గీత చెరిగిపోయింది. ఒకచోట తయారైన రిసీవర్ మరుసటి ఏడాది మరోచోట ఆడుతున్నాడు. దాంతో ఎంపిక గొప్పదా, శిక్షణ గొప్పదా అన్న పాత వాదంలోకి సమయం, డబ్బు, విధేయత కూడా వచ్చి చేరాయి. ఈ చర్చ ఎక్కడ మొదలైంది, ఎన్ని పాయలుగా చీలింది, ఇప్పటికి ఏం తేలింది అన్నది ఒకసారి కుదురుగా చూడాల్సిన సమయం ఇది.

ముందు రిసీవర్ పనేమిటో చెప్పుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని అందుకుని ముందుకు పరిగెత్తడం పైకి కనిపించే పని. క్రికెట్‌లో ఫీల్డర్ బంతి బ్యాట్‌ను తాకాక దాని వెంట పడతాడు. ఇక్కడ చాలా పాస్‌లలో రిసీవర్ ఇంకా మలుపు తిరగకముందే బంతి క్వార్టర్‌బ్యాక్ చేయి దాటిపోతుంది. అనుకున్న చోటికి అనుకున్న క్షణానికి చేరడం, అక్కడిదాకా వెంటాడే డిఫెండర్‌ను విదిలించుకోవడం అసలు పని. బంతి పట్టడం దానికి చివరి మెట్టు.

ఆట మారిన తీరు

1905 సీజన్‌లో మైదానాల్లో జరిగిన మరణాలు అమెరికాను కలవరపరిచాయి. అప్పటి ఆట చాలావరకు గుంపులుగా ఢీకొట్టుకోవడమే. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల ప్రతినిధులను పిలిపించి మాట్లాడారు. ఆటను విశాలం చేసే మార్పుల్లో భాగంగా 1906లో బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ 5న విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన మొదటి పాస్ ఎవరికీ అందలేదు. నాటి నిబంధన ప్రకారం బంతి ప్రత్యర్థి పరమైంది. అదే ఆటలో తర్వాత అతను విసిరిన పాస్‌ను జాక్ ష్నైడర్ అందుకుని ప్రత్యర్థి గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. తప్పితే బంతే పోయే రోజుల్లో పాస్ కోసమే ఒక ఆటగాణ్ని పెంచడానికి చాలామంది కోచ్‌లు సాహసించలేదు.

1913లో నోటర్ డామ్ జట్టు సైనిక అకాడమీ జట్టు ఆర్మీని 35-13 స్కోరుతో ఓడించినప్పుడు ఆ లెక్క మారడం మొదలైంది. క్వార్టర్‌బ్యాక్ గస్ డొరే, ఎండ్ స్థానంలో ఆడే నూట్ రాక్నీ ఆ వేసవిలో ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ అక్కడి సరస్సు తీరాన పాస్‌లు సాధన చేశారు. విసిరేవాడూ అందుకునేవాడూ సెలవుల్లో కలిసి చేసే కసరత్తు జట్టు రాత మార్చగలదని చూపిన తొలి ఉదాహరణల్లో అదొకటి. తర్వాతి తరంలో ఆర్కాన్సా నుంచి వచ్చి అలబామాలో ఆడిన డాన్ హట్సన్ 1935 జనవరి 1న రోజ్ బౌల్‌లో స్టాన్‌ఫర్డ్‌పై 29-13 గెలుపులో ముఖ్యపాత్ర పోషించాడు. ఆపై ప్రొఫెషనల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ తరఫున 99 టచ్‌డౌన్ పాస్‌లు అందుకున్నాడు. ఆ రికార్డు 1989 దాకా నిలిచింది.

అయినా చాలాకాలం ఒకే ఆటగాడు దాడిలోనూ రక్షణలోనూ ఆడాల్సి వచ్చేది. 1960ల మధ్యలో కాలేజీ ఆటలో ఆటగాళ్లను స్వేచ్ఛగా మార్చుకునే వీలు స్థిరపడింది. అప్పుడే రిసీవర్ అనే నిపుణుడికి నిజమైన చోటు దొరికింది. శాన్ డియేగో స్టేట్‌లో డాన్ కొరియెల్, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో లవెల్ ఎడ్వర్డ్స్, పోర్ట్‌లాండ్ స్టేట్‌లో మౌస్ డేవిస్ పాస్‌ను ఆటకు ఇరుసుగా మార్చారు. ఈ మూడు బడులూ రిసీవర్ నుంచి మూడు వేర్వేరు గుణాలు కోరాయి. కొరియెల్‌కు లోతుగా దూసుకెళ్లే వేగం కావాలి, ఎడ్వర్డ్స్‌కు క్వార్టర్‌బ్యాక్‌తో కుదిరిన సమయం కావాలి, డేవిస్‌కు డిఫెండర్ కదలికను చూసి పరుగు మధ్యలోనే దారి మార్చుకునే తెలివి కావాలి. నేటి చర్చకు వేళ్లు ఇక్కడే ఉన్నాయి.

మొదటి వాదం: ప్రతిభే పెట్టుబడి

వేగం, ఎత్తు, చేతుల పొడవు నేర్పితే వచ్చేవి కావు గనుక, అవి ఉన్నవాణ్ని ఎలాగైనా తెచ్చుకోవాలన్నది ఈ వర్గం మాట. అలబామా 2017లో చేర్చుకున్న ఒకే బృందంలోని జెరీ జ్యూడీ, హెన్రీ రగ్స్, డెవాంటా స్మిత్, మరుసటి ఏడాది వచ్చిన జేలెన్ వాడిల్ నలుగురూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. ఒహాయో స్టేట్‌లో రిసీవర్ల కోచ్‌గా బ్రయన్ హార్ట్‌లైన్ వచ్చాక అక్కడ కూడా అదే వరుస సాగింది. గారెట్ విల్సన్, క్రిస్ ఓలావే 2022లో, జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా 2023లో, మార్విన్ హారిసన్ జూనియర్ 2024లో, ఎమెకా ఎగ్‌బూకా 2025లో తొలి రౌండ్‌లో వెళ్లారు.

ఈ వాదానికి అంతే బలమైన ఎదురు సాక్ష్యం కూడా ఈ జాబితాల్లోనే ఉంది. డెవాంటా స్మిత్ బరువు సుమారు 77 కిలోలే. ఆ శరీరం చూసి భవిష్యత్తు చెప్పమంటే చాలామంది తటపటాయిస్తారు. నాలుగేళ్లలో అతను అందుకున్న పాస్‌లు వరుసగా 8, 42, 68, 117. చివరి ఏడాది, 2020లో, 1,856 గజాలు, 23 టచ్‌డౌన్‌లతో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత ఒక వైడ్ రిసీవర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ప్రతిభను తెచ్చుకున్నది నిజమే. కానీ ఆ అంకెల వరుస నాలుగేళ్ల సాధనకు కూడా అద్దం పడుతోంది.

రెండో వాదం: పద్ధతే రిసీవర్‌ను నిలబెడుతుంది

ఆడే పద్ధతి సరైనదైతే మామూలు ఆటగాడు కూడా ఖాళీ చోటు దొరికించుకుంటాడన్నది ఈ వర్గం నమ్మకం. దీనికి పేరుపడ్డది ఎయిర్ రైడ్. 1989లో అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో హాల్ మమ్మీ, మైక్ లీచ్ కలిసి మొదలుపెట్టిన ఈ పద్ధతికి మూలం బ్రిగమ్ యంగ్ ఆటతీరు. ఎత్తుగడలు కొన్నే ఉంటాయి. వాటినే రోజూ మళ్లీ మళ్లీ చేయిస్తారు. ఇద్దరు రిసీవర్లు ఎదురెదురుగా వచ్చి, చేతులు తగిలేంత దగ్గరగా దాటుకుంటూ డిఫెండర్లను ఒకరికొకరు అడ్డుపడేలా చేసే మెష్ దాని గుండెకాయ.

లీచ్ 2000 నుంచి 2009 దాకా టెక్సస్ టెక్‌లో ఈ పద్ధతిని నడిపారు. డాలస్‌లో హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన మైకేల్ క్రాబ్‌ట్రీ అక్కడ రిసీవర్‌గా మారాడు. ఒక ఏడాది ఆడకుండా సాధన మాత్రమే చేసి, 2007లో మైదానంలోకి దిగి 134 పాస్‌లు, 1,962 గజాలు, 22 టచ్‌డౌన్‌లు సాధించాడు. దేశంలో ఉత్తమ రిసీవర్‌కు ఇచ్చే బిలెట్నికాఫ్ అవార్డును ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ అందుకున్నాడు.

పద్ధతి ప్రభావానికి ఇంతకన్నా స్పష్టమైన పరీక్ష లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో జరిగింది. 2018లో క్వార్టర్‌బ్యాక్ జో బరో 16 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. 2019లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ పాసింగ్ ఆట బాధ్యత తీసుకున్నాక అదే బరో 60 విసిరాడు. 2018లో 23 పాస్‌లు అందుకున్న జమార్ చేజ్ 2019లో 84 పాస్‌లు, 1,780 గజాలు, 20 టచ్‌డౌన్‌లకు చేరాడు. జస్టిన్ జెఫర్సన్‌ను రిసీవర్ల మధ్య లోపలివైపు స్లాట్ స్థానానికి మార్చాక 111 పాస్‌లు అందుకున్నాడు. జట్టు 15 ఆటలూ గెలిచింది. ముఖ్యమైన ఆటగాళ్లు వాళ్లే, ఆట మారింది. అయితే ఆ ఆటగాళ్లకు ఒక ఏడాది వయసు, అనుభవం కూడా పెరిగాయన్నది మరవకూడదు. పద్ధతి ఒక్కటే కారణమని తేల్చడానికి ఈ ఉదాహరణ చాలదు.

ఎదురు ఉదాహరణ జార్జియా టెక్. పాస్ చాలా అరుదుగా విసిరే ట్రిపుల్ ఆప్షన్ ఆట ఆడిన ఆ జట్టులో డెమరియస్ థామస్ 2009లో 46 పాస్‌లే అందుకున్నాడు. వాటితోనే 1,154 గజాలు సాధించి తొలి రౌండ్‌లో ఎంపికయ్యాడు. పాస్‌ల జోరున్న పద్ధతి లేనిచోట కూడా గొప్ప రిసీవర్ బయటపడతాడని ఇది చెబుతుంది.

మూడో వాదం: ఒడుపు నేర్పితే వస్తుంది

పుట్టుకతో వచ్చిన వేగం కన్నా అడుగుల అమరిక, సమయపాలన, చేతుల ఒడుపు ముఖ్యమని మూడో వర్గం అంటుంది. వీళ్ల వాదానికి బలం ఎవరూ పట్టించుకోని ఆటగాళ్లు. కూపర్ కప్‌కు పెద్ద శ్రేణి కాలేజీ ఏదీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. ఈస్టర్న్ వాషింగ్టన్‌లో 2013 నుంచి 2016 దాకా ఆడి 428 పాస్‌లు, 6,464 గజాలు, 73 టచ్‌డౌన్‌లు సాధించాడు. 2021 ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో పాస్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింటిలోనూ మొదటి స్థానం అతనిదే. హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన హంటర్ రెన్‌ఫ్రో స్కాలర్‌షిప్ లేకుండా క్లెమ్సన్ జట్టులో చేరాడు. 2017 జనవరిలో జాతీయ ఫైనల్లో అలబామాపై ఒక్క సెకను మిగిలుండగా గెలుపు టచ్‌డౌన్ అతనిదే. అంతకు చాలా ముందు జెర్రీ రైస్ మిసిసిపి వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచే వచ్చాడు.

ఈ వాదంలో లొసుగు ఒకటుంది. మనకు గుర్తున్నది పైకొచ్చినవాళ్లే. అంతే కష్టపడి, అంతే బాగా నేర్చుకుని, వేగం చాలక ఆగిపోయినవాళ్ల కథలు ఎవరూ రాయరు. కాబట్టి రైస్, కప్ పేర్లు చెప్పి శరీర సామర్థ్యం అక్కర్లేదనడం న్యాయం కాదు.

మూడు వాదాలూ పక్కపక్కన

ప్రతిభ వాదం: చూసేది వేగం, శరీరం, హైస్కూల్ రికార్డు. బలం, ఫలితం త్వరగా రావడం. బలహీనత, ఖర్చు ఎక్కువ, అందరికీ అందుబాటులో ఉండదు.

పద్ధతి వాదం: చూసేది ఎత్తుగడలో ఇమిడే గుణం. బలం, మామూలు ఆటగాళ్లతోనూ పాస్‌లు నడుస్తాయి. బలహీనత, ప్రత్యర్థులు పద్ధతిని చదివేశాక, గట్టి డిఫెండర్ ఎదురైతే ఒంటరి పోరులో గెలిచేవాడు లేకపోవచ్చు.

ఒడుపు వాదం: చూసేది నేర్చుకునే తత్వం, అడుగులు, చేతులు. బలం, తక్కువ ఖర్చుతో దీర్ఘకాల ఫలితం. బలహీనత, రెండు మూడేళ్ల ఓపిక కావాలి, ఇప్పుడు దొరకనిది అదే.

ఎంపికలో చూసేవి

టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, లూసియానా, కాలిఫోర్నియా రాష్ట్రాల హైస్కూళ్ల చుట్టూ కోచ్‌లు ఎక్కువగా తిరుగుతారు. 40 గజాల పరుగు సమయం ఒకప్పుడు ప్రధాన కొలత. అది సరైన పద్ధతిలో కొలిచిందో కాదో తెలియక, చాలామంది ఇప్పుడు ట్రాక్ పోటీల్లో నమోదైన 100, 200 మీటర్ల సమయాలను నమ్ముతున్నారు. బాస్కెట్‌బాల్ ఆడిన కుర్రాడు గాలిలో బంతి కోసం ఎలా ఎగురుతాడో, మనిషిని ఎలా అడ్డుకుంటాడో చూస్తారు.

వేసవిలో జరిగే సెవెన్-ఆన్-సెవెన్ పోటీల మీద అభిప్రాయాలు రెండుగా చీలాయి. ఏడుగురు చొప్పున ఆడే ఈ ఆటలో లైన్ ఆటగాళ్లు ఉండరు, పడగొట్టడం ఉండదు. రిసీవర్‌కు వందల పాస్‌లు అందుకునే అవకాశం వస్తుందని ఒక వర్గం మెచ్చుకుంటుంది. దెబ్బ తగులుతుందని తెలిసీ మధ్యలోకి దూసుకెళ్లే ధైర్యం, పరుగు ఆటలో సహచరుడి కోసం అడ్డుకునే ఓపిక అక్కడ కనబడవని మరో వర్గం హెచ్చరిస్తుంది.

హైస్కూల్ ఆటగాళ్లకు రేటింగ్ సంస్థలిచ్చే స్టార్లకూ పరిమితి ఉంది. పెద్ద బృందాలను సరిపోల్చినప్పుడు ఎక్కువ స్టార్లున్నవాళ్లు ఎక్కువగా పైకొస్తారన్నది నిజం. ఒక్కొక్కరి విషయంలో అది తప్పవచ్చు. ఒహాయో స్టేట్ కోచ్ ర్యాన్ డే కాలిఫోర్నియాలోని ఒక హైస్కూల్‌కు వెళ్లింది క్వార్టర్‌బ్యాక్‌ను చూడటానికి. అక్కడ కళ్లబడ్డవాడు మూడు స్టార్ల క్రిస్ ఓలావే. కాలేజీ వదిలే నాటికి అతని టచ్‌డౌన్ క్యాచ్‌లు 35, అది ఆ యూనివర్సిటీ రికార్డు. చూసేవాడికి ఏం వెతకాలో ముందే తెలిసి ఉండటమే అక్కడ పనికొచ్చింది.

నేర్పేవి

నియమావళి ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి జట్టు కార్యక్రమాలకు వాడకూడదు. ఆ గంటల్లోనే రిసీవర్‌కు నాలుగు పనులు నేర్పాలి.

మొదటిది, మొదలు. కాలేజీ నిబంధనల్లో బంతి గాలిలోకి లేచేదాకా డిఫెండర్ ఎదురుగా ఉన్న రిసీవర్‌ను తాకి ఆపవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 5 గజాలు దాటాక ఆ వీలు లేదు. కాబట్టి కాలేజీ రిసీవర్ తొలి రెండడుగుల్లో భుజం తప్పించి, డిఫెండర్ చేతిని కొట్టి బయటపడటం నేర్చుకోవాలి.

రెండోది, మలుపు. రిసీవర్ పరిగెత్తే దారులైన రూట్లకు 1 నుంచి 9 దాకా అంకెలుంటాయి. సాధారణంగా సరి అంకెలు లోపలికి, బేసి అంకెలు బయటికి తిరుగుతాయి. అన్ని రూట్లనూ మలుపు దాకా ఒకేలా పరిగెత్తగలిగినవాడే డిఫెండర్‌ను మోసం చేయగలడు. మలుపు దగ్గర తుంటిని కిందికి దించి వేగం చంపే విధానాన్ని కోచ్‌లు వారాల తరబడి దిద్దుతారు.

మూడోది, చేతులు. బంతి ఛాతీకి పైన వస్తే బొటనవేళ్లు కలిపి, కింద వస్తే చిటికెన వేళ్లు కలిపి పట్టాలి. ఛాతీకి తగిలించుకుని పట్టే అలవాటు హైస్కూల్లో చెల్లిపోయినా ఇక్కడ చెల్లదు. అందుకే సాధన తర్వాత బంతి విసిరే యంత్రం ముందు రోజూ వంద పాస్‌లు పట్టించే కోచ్‌లున్నారు.

నాలుగోది, మైదానం జ్ఞానం. కాలేజీ మైదానంలో బంతి ఉంచే హ్యాష్ గీతల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18.5 అడుగులు. అంటే 160 అడుగుల వెడల్పులో బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, మరో పక్క 100 అడుగుల చోటు మిగులుతుంది. విశాలమైన పక్కన వేగం, ఇరుకు పక్కన బలం, ఎత్తు పనికొస్తాయి. ఎవరిని ఎటువైపు నిలబెట్టాలన్నది ఎంపిక రోజే ఆలోచించాల్సిన విషయం. ఎంపిక, శిక్షణ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని ఇంతకన్నా సూటిగా చూపే సంగతి మరోటి లేదు.

డబ్బు, బదిలీలు తెచ్చిన చిక్కు

2021 నుంచి ఆటగాడు ఒకసారి కాలేజీ మారినా ఏడాది పాటు ఆడకుండా ఆగాల్సిన పని లేకపోయింది. ఒహాయో స్టేట్‌లో తనకంటే ముందు వరుసలో మంచి రిసీవర్లు ఉండటంతో జేమ్సన్ విలియమ్స్ ఆ ఏడాదే అలబామాకు మారి, 79 పాస్‌లతో 1,572 గజాలు సాధించాడు. 2022 డ్రాఫ్ట్‌లో విల్సన్ 10వ, ఓలావే 11వ, విలియమ్స్ 12వ స్థానంలో ఎంపికయ్యారు. ఒకే గదిలో తయారైన ముగ్గురు వరుసగా వెళ్లారు, కానీ మూడోవాడి ఘనత ఏ కాలేజీ ఖాతాలో వేయాలి? 2021లో పిట్స్‌బర్గ్ తరఫున బిలెట్నికాఫ్ గెలిచిన జోర్డన్ ఆడిసన్ మరుసటి ఏడాది సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి (యూఎస్‌సీ) మారాడు. తయారుచేసిన కాలేజీకి మిగిలింది ఖాళీ.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన, ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీ ఒప్పందంతో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. 2025-26కి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఫుట్‌బాల్ జట్టు పరిమాణానికి 105 మంది హద్దు పెట్టారు. స్కాలర్‌షిప్ లేకుండా చేరి ఎదిగే రెన్‌ఫ్రో లాంటివాడికి చోటు ఇరుకైంది. రెండేళ్లు నేర్చుకుని మూడో ఏట ఆడదామనుకునే కుర్రాడికి కోచ్ ఇవ్వగలిగిన ఓపిక తగ్గింది, కుర్రాడి ఓపిక కూడా తగ్గింది.

మరో పక్కా ఉంది. బెంచీ మీద కూర్చోబెట్టి మరిచిపోయిన ఆటగాడికి ఇప్పుడు దారి దొరికింది. పాత విధానం కాలేజీల చేతిలో అధికారమంతా పెట్టింది. దాన్ని బంగారు కాలమని పొగడలేం.

తేలినవి, తేలనివి

తేలినవి మూడు. శరీర సామర్థ్యానికి ఒక కనీస హద్దుంది, దాని కింద శిక్షణ ఎంతిచ్చినా చాలదు. ఆ హద్దు దాటాక ఒడుపు, ఆటతీరు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. పద్ధతికి తగిన ఆటగాణ్ని ఎంచుకున్న జట్లు పేరున్నవాళ్లను పోగేసిన జట్లతో సమానంగా నిలబడగలుగుతున్నాయి.

తేలనివి కూడా మూడే. శిక్షణ ఎంత మార్పు తెచ్చిందో ప్రతిభ నుంచి విడదీసి కొలిచే నమ్మకమైన పద్ధతి ఇంకా లేదు. హైస్కూల్ పిల్లల కోసం వెచ్చించాలా, పోర్టల్‌లో సిద్ధంగా ఉన్నవాళ్ల కోసం వెచ్చించాలా అన్నదానికి స్థిరమైన జవాబు లేదు. ఆలస్యంగా ఎదిగే ఆటగాళ్లకు కొత్త వ్యవస్థలో ఎంత చోటు మిగులుతుందో ఇంకా కొన్నేళ్లు చూడాలి.

ఈ మూడు వాదాలనూ పక్కపక్కన పెట్టాక ఒకటి మాత్రం గట్టిగా చెప్పవచ్చు. వెతకడం, తయారుచేయడం రెండు పోటీ మార్గాలని అనుకోవడమే ఈ చర్చను ఇన్నాళ్లు చిక్కులో పెట్టింది. తాను ఏం నేర్పగలడో తెలిసిన కోచే ఎవరిని తెచ్చుకోవాలో చెప్పగలడు. మెష్ నేర్పేవాడికి ఒకరు కావాలి, ఇరుకు పక్క ఎత్తు పాస్ విసిరేవాడికి మరొకరు కావాలి. ఏం నేర్పాలో తేల్చుకోకుండా స్టార్లు లెక్కపెట్టేవాడు ఖరీదైన ఆటగాణ్ని తెచ్చీ వృథా చేస్తాడు. అందుకే కాలేజీలు కొత్త ఆటగాళ్లు చేరిక ఒప్పందాలు చేసుకునే సంతకాల రోజు జాబితాలతో పాటు మరో లెక్క కూడా బయటపెట్టాలి. చేరినప్పుడు పేరు లేనివాళ్లలో ఎంతమంది మూడో ఏట మైదానంలో ఉన్నారు? పదిహేడేళ్ల కుర్రాడు, అతని తల్లిదండ్రులు కాలేజీ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. డబ్బు ఎంతన్నది ఆ తర్వాత అడగవచ్చు.